ఫొటోలో కనబడనిది ఎవరూ అడగలేదు

మేడం గారూ,

మాది నరసన్నపేట దగ్గర పల్లె. పాపకి రెండున్నర నెలలు. నెలలు నిండాకే పుట్టింది, 2.8 కిలోలు, నా పాలే తాగుతోంది. మా ఆయనకి చెన్నైలో పని. అమ్మకి ఒంట్లో బాగోక కన్నవారింట్లో ఎక్కువ రోజులు ఉండలేకపోయాను, తొందరగానే అత్తవారింటికి వచ్చేశాను. ఇంట్లో అత్త, మా ఆయన నాయనమ్మ, నేను ఉంటాం.

కాన్పు టైంలో పరిచయమైన తల్లులమంతా ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. మొన్న పాప నా పక్కన మంచం మీద నిద్రపోతుంటే ముద్దొచ్చి ఫొటో తీసి పెట్టాను. తల కింద ఆవాల దిండు, వెనకాల చీర ఉయ్యాల కనబడ్డాయి. అంతే, మొదలుపెట్టారు. ‘మీరు చదువుకున్నవారేనా’, ‘పక్కలో వేసుకుని పిల్లని చంపుకుంటావా’ అని కొందరు. ‘మనమంతా అలా పెరిగినవాళ్లమే, మనకేమైంది’ అని ఇంకొందరు. అర్ధరాత్రి దాకా కొట్టుకున్నారు. ఎవరో ఆ స్క్రీన్‌షాట్లు మా ఆయనకి పంపారు. ఆయన ఆన్‌లైన్‌లో తొట్టి మంచం కొంటానంటున్నారు. అత్తేమో పాపని ఒక పక్కకి తిప్పి, వీపు వెనక దిండు ఆనించమంటుంది. వెల్లకిలా వేస్తే కక్కిన పాలు గొంతుకి అడ్డం పడతాయట. అత్తకి మొదటి బిడ్డ నెల తిరక్కుండానే పోయాడు. అందుకని ఎదురు చెప్పలేను.

అప్పట్నుంచి నాకు మంచం ఎక్కాలంటే భయం. రాత్రిళ్లు కుర్చీలో కూర్చుని పాలిస్తున్నాను. ఒకసారి కునుకు పట్టి పాప చేతుల్లోంచి జారబోయింది. ఊపిరి ఆడుతోందో లేదోనని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. మధ్యాహ్నం మామ్మ పాపని ఒళ్లో వేసుకుని చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటే ఆ కాసేపే నాకు నిద్ర. నేను తప్పు చేశానా? గ్రూపులో ఉండాలా, బయటికి వచ్చేయాలా?

– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

అమ్మా,

ముందు ఆ కుర్చీ మానేయండి. ఈ రాత్రి నుంచే. మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు.

గ్రూపు మిమ్మల్ని మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. మీ మేలు కోరే అన్నారు, కానీ జరిగింది అంతకన్నా ప్రమాదం. కుర్చీలోనో సోఫాలోనో బిడ్డని ఎత్తుకుని నిద్రపోవడం మంచం మీద పక్కన వేసుకోవడం కంటే చాలా ఎక్కువ ప్రమాదమని పిల్లల డాక్టర్లు స్పష్టంగా చెబుతున్నారు. బిడ్డ జారిపోవచ్చు, లేదా మీ ఒంటికీ కుర్చీ చేతికీ మధ్య ముఖం ఇరుక్కోవచ్చు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లోనే ఉంది: పాలిస్తూ కునుకు పట్టేలా ఉంటే కుర్చీలో కన్నా మంచం మీద ఉండడమే నయం, మెలకువ రాగానే బిడ్డని మళ్లీ తన పక్క మీదకి మార్చాలి. మీ గ్రూపులో తిట్టినవాళ్లు అంతవరకు చదివినట్టు లేరు.

వాళ్లు చెప్పింది అబద్ధమని కాదు. తల్లి ఉన్న గదిలోనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, బిడ్డకి విడిగా గట్టి, చదునైన పక్క వేయాలి, కనీసం ఆరు నెలలు. ఏడాది నిండేదాకా వెల్లకిలానే పడుకోబెట్టాలి. డాక్టర్లు చెప్పే మంచి పద్ధతి ఇదే, నేను దీన్ని మార్చను. నిద్రలో ఏ కారణమూ తెలియకుండా పసిబిడ్డలు పోవడం, సిడ్స్ అంటారు, చాలావరకు ఆరు నెలల లోపే జరుగుతుంది. రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువ. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఇది చాలా అరుదు. కానీ మీ పాప సరిగ్గా ఆ వయసులోనే ఉంది కాబట్టి జాగ్రత్తలు ఇప్పుడే తీసుకోవాలి.

అయితే ఆ గ్రూపు చూసింది ఒక ఫొటోని, మీ ఇంటిని కాదు. ఫొటోలో దిండు కనబడింది, ఉయ్యాల కనబడింది, వాటి మీదే యుద్ధం జరిగింది. మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటేసిన మామ్మ చుట్ట ఎవరికీ కనబడలేదు. నన్నడిగితే మీ ఇంట్లో కుర్చీ తర్వాత అన్నిటికంటే పెద్ద సమస్య అదే. పొగ పీల్చే పసిపిల్లలకి ఈ ముప్పు పెరుగుతుంది, అందులో ఎవరికీ అనుమానం లేదు. మన వైపు పెద్ద ఆడవాళ్లలో నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఎంత పాతదో మీకు నేను చెప్పక్కర్లేదు. అది ఎంత మామూలైపోయిందంటే, పాపని ఒళ్లో పెట్టుకుని కాల్చడం కూడా మీకు వింతగా అనిపించలేదు.

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊరుంది. అక్కడ పాకిస్తాన్ నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో తల్లులు మనలాగే పిల్లల్ని పక్కలో వేసుకునే పడుకుంటారు. అయినా ఆ ఇళ్లలో ఈ హఠాత్ మరణాలు తెల్లవారి ఇళ్లలో కన్నా బాగా తక్కువని తేలింది. పరిశోధకులు చూస్తే ఆ తల్లులు పొగ తాగరు, మందు తాగరు, సోఫాలో బిడ్డతో నిద్రపోరు, ఎక్కువగా తల్లిపాలే ఇస్తారు. పక్కలో వేసుకోవడం ఏ ప్రమాదమూ లేని పని అని దీనికి అర్థం కాదు. ‘పక్కలో పడుకోబెట్టావా లేదా’ అన్న ఒక్క ప్రశ్నతో తల్లిని తూచలేమని అర్థం. మీరు తల్లిపాలిస్తున్నారు, బిడ్డ నెలలు నిండి మంచి బరువుతో పుట్టింది. ఇవి రెండూ మీ వైపు ఉన్నాయి. పొగ మాత్రం ఎదురుగా ఉంది.

ఆ వయసులో మామ్మ చేత చుట్ట మాన్పించడం అయ్యే పని కాదు, ఆ ప్రయత్నంలో ఇల్లంతా రచ్చ అవుతుంది. బయట అరుగు మీద కాల్చుకోమనండి. నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని, మీద ఉతికిన తువ్వాలు వేసుకున్నాకే పాపని ఎత్తుకోవాలి. మామ్మ పక్కలో పాప నిద్రపోకూడదు. ఈ మాట మీరు చెబితే ‘కొత్త కోడలు నేర్పిస్తోందా’ అంటారు. చెప్పాల్సింది చెన్నైలో ఉన్న మనవడు. తొట్టి మంచం ఆర్డరు పెట్టడం కంటే ఈ ఫోన్ కాల్ కష్టం, నాకు తెలుసు. అయినా అది ఆయన పనే.

ఇక మీ అత్తగారు. పాలు అడ్డం పడతాయన్న భయం ఆవిడ ఒక్కరిదే కాదు, చదువుకున్న తల్లులు కూడా ఇదే అడుగుతారు. బిడ్డ వెల్లకిలా పడుకున్నప్పుడు గాలి వెళ్లే గొట్టం పైన ఉంటుంది, పాలు వెళ్లే గొట్టం కింద ఉంటుంది. కక్కిన పాలు గాలి గొట్టంలోకి వెళ్లాలంటే పైకి ఎక్కాలి. బోర్లా వేస్తే ఇది తలకిందులవుతుంది, గాలి గొట్టం కిందకి వస్తుంది. ఒక పక్కకి తిప్పితే ఏమిటంటారా, రెండున్నర నెలల బిడ్డ ఆ పక్క మీద నిలవదు, దొర్లి బోర్లా పడుతుంది. పైగా వీపు వెనక దిండు ముఖం మీదకి రావడానికి ఎంతసేపు! పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, తర్వాత వెల్లకిలా వేస్తే చాలు.

ఆవిడకి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఒకప్పుడు ఇంగ్లండు, అమెరికా డాక్టర్లే పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమన్నారు. తర్వాత తప్పు తెలుసుకుని, ఇంగ్లండులో 1991లో, అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూరా ప్రచారం చేశారు. ఆ తర్వాత ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ‘నీకు తెలీదు అత్తా’ అనడానికీ, ‘పెద్ద డాక్టర్లే మాట మార్చుకున్నారు అత్తా’ అనడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి.

ఆవిడకి పోయిన బిడ్డ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు. ఆ బిడ్డ గురించి ఎప్పుడైనా ఆవిడని అడిగారా? ఎలా ఉండేవాడు, ఏమైంది అని? వాదన కోసం కాదు, ఊరికే, పాపకి నూనె రాస్తున్నప్పుడు. ఆవిడ దిండు ఆనించమంటున్నప్పుడు ఆమె కళ్లముందు ఉన్నది మీ పాప ఒక్కతే కాదని నా అనుమానం. అదే మాట మీ ఆయన ఫోన్లో ‘అమ్మా, నీ మూఢనమ్మకాలు’ అని కొట్టిపారేస్తే ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఆవాల దిండు తీసేయండి. తల గుండ్రంగా రావడానికే కదా? మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజుకి కొన్నిసార్లు కాసేపు బోర్లా వేసి ఆడించండి. పడుకోబెట్టేటప్పుడు తల ఒక రోజు గోడ వైపు, ఒక రోజు గుమ్మం వైపు ఉండేలా మార్చండి. కాస్త చదునైనా, పిల్ల కూర్చోవడం మొదలుపెట్టాక చాలావరకు సర్దుకుంటుంది.

చీర ఉయ్యాలని మాత్రం నేను పూర్తిగా తీసేయమనను. ఏడిచే బిడ్డని ఊరుకోబెట్టడానికి దాన్ని మించింది మన ఇళ్లలో లేదు. కానీ అందులో బిడ్డ వంగి పడుకుంటుంది, గడ్డం గుండెకి ఆనుతుంది, ఈ వయసులో ఊపిరికి అదే అడ్డం. గుడ్డ ముఖం మీదకి ముడుచుకోవచ్చు. కాబట్టి ఎవరో ఒకరు పక్కనే ఉండి చూస్తున్నంతసేపే ఉయ్యాల. కళ్లు మూసుకోగానే తీసి చదును పక్క మీద వేయాలి. లేచి ఏడుస్తుంది అంటారు, లేస్తుంది కూడా. ఓపిక పట్టాలి. రాత్రంతా ఉయ్యాలలో వదిలేయడం వద్దు.

తొట్టి మంచం సంగతి. పల్లెలో తేళ్లూ పాములూ ఉంటాయి కాబట్టి నేల మీద పక్క వేయమని నేను అనలేను. మీ ఆయన కొంటానంటే కొననివ్వండి, వేలు పోయక్కర్లేదు. మీ ఊరి వడ్రంగి చేసిచ్చినా సరిపోతుంది. అడుగు గట్టిగా, చదునుగా ఉండాలి. కడ్డీల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. చుట్టూ మెత్తటి దిళ్లు, బొమ్మలు, పైన గుడ్డలు ఏవీ వద్దు. ఏటవాలుగా ఉండే తొట్లు, పిల్లల చుట్టూ పెట్టే మెత్తటి అంచులు అమెరికాలో 2022 చట్టంతో అమ్మకమే ఆపేశారు. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఇంకా కనబడుతుంటాయి, ఆయన అలాంటిది ఎంచుకోకుండా చూడండి. పాప గుండె వేగం, ఒంట్లో ఆక్సిజన్ చూసే మేజోళ్లు కూడా అమ్ముతున్నారు. అవి సిడ్స్‌ని ఆపుతాయనడానికి రుజువు లేదు, ఆ డబ్బుతో ఆయన్ని ఒకసారి ఇంటికి రమ్మనండి.

తొట్టి వచ్చేదాకా మీ మంచమే. కుంగిపోయే నవారు మంచం వద్దు, గట్టి పరుపున్న చెక్క మంచం కావాలి. పాప వైపు దిండు, దుప్పటి, చీర కొంగు ఏవీ ఉండకూడదు. గోడకీ మంచానికీ మధ్య సందు లేకుండా చూడండి. పాపకి ఒక పక్క మీరు, ఇంకెవరూ వద్దు. మీ ఆయన పండక్కి వచ్చినప్పుడు కూడా ఆయన పాప పక్కన పడుకోకూడదు, మందు ముట్టుకున్న రాత్రి అయితే ఆ మంచమే ఎక్కకూడదు. దోమతెర బిగుతుగా దోపండి, దోమల చుట్టలు, సాంబ్రాణి పొగ గదిలో వద్దు. మన ఉక్కకి టోపీ, స్వెట్టర్ అక్కర్లేదు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి, చెమట పట్టిందంటే బట్ట ఎక్కువైనట్టే.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం గురించి. కొత్త తల్లులు అందరూ అప్పుడప్పుడు చూస్తారు. కానీ పాప హాయిగా నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, పగలు గుండె దడ, ఏడుపు ఉంటే, అది వైద్యం కావాల్సిన సంగతి, మీ తప్పు కాదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (రిమ్స్ అనేవారు) కూడా చూపించుకోవచ్చు. బిడ్డని గానీ మిమ్మల్ని గానీ ఏమైనా చేసుకుంటానేమో అన్న ఆలోచన వస్తే ఆ క్షణమే అత్తని లేపండి, ఒంటరిగా ఉండకండి.

పాపకి మూడు నెలలు నిండేసరికి ఆశా కార్యకర్త మీ గుమ్మంలోకి రావాలి. పదో వారం టీకా వేయించకపోతే ఈ వారమే వెళ్లి వేయించండి, టీకాలు వేసిన పిల్లల్లో ఈ ముప్పు తక్కువే. ఏఎన్ఎంనో ఆశానో ఇంట్లోకి పిలిచి, పాప ఎక్కడ పడుకుంటుందో చూపించి, మీరు ఏం చేస్తున్నారో దాచకుండా చెప్పండి. గ్రూపులో ఆ గొడవ తర్వాత ఎంతమంది తల్లులు తాము కూడా పక్కలోనే వేసుకుంటున్నామని రాయడానికి భయపడి ఉంటారో! తిట్టినందువల్ల ఎవరూ మానరు, దాచుకుంటారు. దాచిన దానికి సలహా ఇవ్వడం ఎవరి తరమూ కాదు. పాప పాలు తాగకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, మందకొడిగా ఉన్నా గ్రూపులో అడగకండి, 108కి ఫోన్ చేయండి.

తప్పు చేశారా అని అడిగారు. దిండు పెట్టడం తప్పే, తీసేస్తే సరిపోతుంది. ఫొటో పెట్టడం తప్పు కాదు.

గ్రూపులోంచి బయటికి వచ్చేయక్కర్లేదు. టీకా తేదీలు, పాల కబుర్లు, తోడు అన్నీ అక్కడే ఉన్నాయి. కొన్ని రోజులు మ్యూట్‌లో పెట్టుకోండి. మళ్లీ మాట్లాడాలనిపించినప్పుడు ఇలా రాయండి: ‘దిండు తీసేశాను. ఇప్పుడు పాప వెల్లకిలానే పడుకుంటోంది. మీలో ఎవరింట్లోనైనా చుట్ట, బీడీ తాగేవాళ్లు ఉన్నారా? మీరెలా చూసుకుంటున్నారు?’ ఎవరైనా మళ్లీ చదువు ఊసు ఎత్తితే జవాబు ఇవ్వకండి. ఆ స్క్రీన్‌షాట్లు మీ ఆయనకి పంపింది ఎవరో మాత్రం అడ్మిన్‌ని కనుక్కోమనండి.