పైడిభీమవరం వదిలి పరవాడ వెళ్లాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, ఏడాదిన్నరగా పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ప్రొడక్షన్ బ్లాకులో రికార్డులు రాసే పని. చేతికి 15,800 వస్తుంది. ఇంటి నుంచే కంపెనీ బస్సులో వెళ్లొస్తుంది. ఇప్పుడు విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఏడాదికి 3 లక్షల 36 వేల ప్యాకేజీతో ఆఫర్ వచ్చింది. గాజువాకలో హాస్టల్లో ఉండాలి, భోజనంతో కలిపి నెలకు 6,500 అంటున్నారు. సంబంధాలు కూడా చూస్తున్నాం. వాళ్ల మేనమామ ఎలాగూ పంపేటప్పుడు హైదరాబాదే పంపమంటున్నాడు. ఫ్యాక్టరీ ప్రమాదాలంటే మాకు భయంగా ఉంది. భోగాపురం ఎయిర్‌పోర్టు వచ్చాక ఇక్కడే ఉద్యోగాలొస్తాయని ఎవరో అన్నారు. ఆఫర్ లెటర్ కూడా పంపుతున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. ప్యాకేజీ మాట వినగానే ఇంట్లో అందరూ నెలకు 28 వేలని అనుకుంటారు. మీరు పంపిన ఆఫర్ లెటర్ ప్రకారం అందులో 2,800 వేరియబుల్ పే. అది నెలనెలా రాదు, ఏడాది చివర్లో కంపెనీ నిర్ణయించినంత ఇస్తారు. బేసిక్ 14,000 మీద కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్ 1,680, గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం అంటే 673, ఇన్సూరెన్స్ ప్రీమియం 347. ఇవన్నీ తీసేస్తే మిగిలే గ్రాస్ 22,500. అందులోంచి అమ్మాయి వాటా పీఎఫ్ ఇంకో 1,680, వృత్తి పన్ను 200, బస్సుకీ క్యాంటీన్‌కీ కలిపి 900 పోతాయి. చేతికొచ్చేది 19,720.

ఇప్పుడు ఖర్చు. హాస్టల్ 6,500, బయట టిఫిన్లు, ఫోను, సబ్బులు 1,500, నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చి వెళ్లడానికి 800, బట్టలూ మందులూ వగైరా 1,000. మొత్తం 9,800. మిగిలేది 9,920. ఇప్పుడు ఇంటి దగ్గరుంటూ సొంత ఖర్చు 2,500 పెట్టుకున్నా 13,300 మిగులుతోంది. పీఎఫ్ రెండుచోట్లా ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. అంటే పరవాడ వెళ్తే నెలకు 3,380, ఏడాదికి 40 వేల పైచిలుకు తగ్గుతుంది. వేరియబుల్ 33,600 పైసా కోయకుండా ఇచ్చినా ఇంకా 7 వేలు తక్కువే.

కాబట్టి జీతం పెరుగుతుందని పంపేటట్టయితే పంపొద్దు, పెరగడం లేదు. ఆ 40 వేలను ఒక పని నేర్చుకోవడానికి కట్టే ఫీజు అనుకోండి. ఆ పని నిజంగా నేర్పుతారా అన్నదొక్కటే తేల్చుకోవలసింది.

ఇక్కడే చాలామంది పిల్లలు దెబ్బతింటారు. ఆఫర్ లెటర్లో క్యూసీ, అంటే క్వాలిటీ కంట్రోల్ అని ఉంటుంది. చేరాక ఏడాదంతా శాంపిళ్లు తేవడం, గాజుసామాను లెక్క, లాగ్‌బుక్కులు, మహా అయితే టైట్రేషన్లు. రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీ వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్తే, హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో కొలిచే యంత్రం) మీద ప్రశ్నలు వేస్తారు: సిస్టమ్ సూటబిలిటీ (పరీక్షకి ముందు యంత్రం సరిగ్గా ఉందా అన్నది) ఎలా చూస్తావు, టెయిలింగ్ (గ్రాఫులో శిఖరం తోకలా సాగడం) ఎక్కువొస్తే ఏం చేస్తావు, స్టాండర్డ్‌ని (కొలత తెలిసిన నమూనాని) ఐదారుసార్లు ఇంజెక్ట్ చేసినప్పుడు ఆర్‌ఎస్‌డీ (ఫలితాల మధ్య తేడా) 2 శాతం దాటితే ఏమిటి అర్థం అని అడుగుతారు. చేతులతో చేసినవాళ్లు ఆగకుండా చెబుతారు, చూసి నేర్చుకున్నవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి మందుల కంపెనీల్లో విలువ తెచ్చేది హెచ్‌పీఎల్‌సీ, ఆ తర్వాత జీసీ (ఆవిరయ్యే పదార్థాలని కొలిచే యంత్రం). పరవాడలో బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) ప్లాంట్లూ ఉన్నాయి, మాత్రల ప్లాంట్లూ ఉన్నాయి. బల్క్ డ్రగ్ అయితే డిసొల్యూషన్ (మాత్ర ఎలా కరుగుతుందో చూసే పరీక్ష) పని తగలదు, దానికి బెంగ అక్కర్లేదు.

అమ్మాయి చేత హెచ్‌ఆర్‌కి కాదు, ఇంటర్వ్యూ చేసిన క్యూసీ మేనేజరుకే ఫోన్ చేయించండి. నన్ను ఏ సెక్షన్‌లో వేస్తారు, రా మెటీరియలా, ఇన్‌ప్రాసెసా, ఫినిష్డ్ ప్రోడక్టా, స్టెబిలిటీయా? అనలిస్ట్ క్వాలిఫికేషన్ ఎన్ని నెలలకి చేస్తారు? హెచ్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్‌లో నా పేరు మీద లాగిన్ ఎప్పుడొస్తుంది? ఈ మూడో ప్రశ్న ముఖ్యం. శిక్షణ పూర్తయి, క్వాలిఫై అయిన అనలిస్టుకే సొంత లాగిన్ ఇవ్వాలి, ఒకరి లాగిన్‌లో ఇంకొకరు పనిచేయడం తప్పు. మూడు నుంచి ఆరు నెలల్లో అని సూటిగా చెప్పారా, మంచిదే. 'చేరాక చూద్దాంలేమ్మా' అన్నారా, మీ 40 వేలు శాంపిల్ సీసాలు మోయడానికి కడుతున్నట్టే. చేరాక ఎవరైనా 'నా లాగిన్‌లో చేసెయ్' అంటే మాత్రం చెయ్యకూడదని ఇప్పుడే చెప్పి పంపండి. ఆడిట్‌లో అలాంటివి బయటపడితే బలయ్యేది కొత్తగా చేరినవాళ్లే.

రెండో విషయం, అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. కంపెనీ సొంత రోల్స్ అయితేనే, అంటే నేరుగా కంపెనీ ఉద్యోగి అయితేనే ఈ మార్పుకి అర్థం. ఇక్కడ కాంట్రాక్టు, అక్కడా కాంట్రాక్టే అయితే ఇల్లు వదలడం దండగ. బాండు అడిగితే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అనేది కాగితం మీద చూడండి. ఏడాది వరకు సరే. రెండేళ్లు దాటితే బేరమాడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడం వేరు, వాళ్ల బీరువాలో పెట్టి రావడం వేరు. రెండోది ఒప్పుకోవద్దు.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) సంగతి మీరు రాయలేదు గానీ మీ ఇంటికి అది పెద్ద విషయం. ఇప్పటి జీతంలో అమ్మాయికి ఈఎస్‌ఐ కోత 0.75 శాతం ఉండే ఉంటుంది. ఆమె మీద ఆధారపడిన తల్లిదండ్రులకి కూడా, ఆదాయ పరిమితికి లోబడి, అందులో వైద్యం దొరుకుతుంది. జీతం 21,000 పరిమితి దాటితే కొత్త కంపెనీలో ఈఎస్‌ఐ ఉండదు, బదులుగా గ్రూప్ ఇన్సూరెన్స్ ఇస్తారు. అందులో పెళ్లికాని ఉద్యోగి తల్లిదండ్రులని చేర్చుకుంటారా లేదా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా బీపీ, షుగర్ ఉంటే ఈ ఒక్క మాట హెచ్‌ఆర్‌ని అడిగి మెయిల్‌లో రాయించుకోండి.

హాస్టల్ విషయం. విశాఖ అనగానే బీచ్ గుర్తొస్తుంది గానీ, ఫార్మాసిటీలో చేసేవాళ్ల జీవితం హాస్టల్, బస్సు, ల్యాబ్, మళ్లీ బస్సు. అందుకని ఊరు ఎలా ఉందని కాక, కంపెనీ బస్సు పాయింటు ఎక్కడ అని చూడండి. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం వీటిలో బస్సు ఆగే చోటికి ఐదు నిమిషాల నడకలో ఉన్న హాస్టల్ అయితే, వెయ్యి ఎక్కువైనా అదే నయం. సెకండ్ షిఫ్టు రాత్రి పదింటికి అయితే హాస్టల్ గేటు దగ్గరికొచ్చేసరికి పదకొండు. చాలా లేడీస్ హాస్టళ్లలో తొమ్మిదిన్నరకే గేటు వేసేస్తారు, అన్నం గిన్నెలు కూడా ఎత్తేస్తారు. 'కంపెనీ పిల్లలకి పర్వాలేదండీ' అని వార్డెన్ అనడం వేరు, నిజంగా ప్లేటు మూతపెట్టి ఉంచడం వేరు. అదే హాస్టల్లో ఉంటూ షిఫ్టులు చేస్తున్న అమ్మాయి ఒకరితో మాట్లాడించండి. పగలు నిద్రపోవలసిన వారాల్లో గదిలో మిగతావాళ్లు ఎవరుంటారో కూడా అడగాలి. కాలేజీ పిల్లలున్న గదిలో నైట్ షిఫ్టు మనిషికి నిద్ర ఉండదు. ఆడపిల్లలకి నైట్ షిఫ్టు వేస్తారా, వేస్తే దింపే బస్సు గేటు దాకా వస్తుందా అన్నదీ ముందే తెలియాలి.

ఇంటికి రాకపోకలకి రణస్థలం హైవే మీదే ఉంది కాబట్టి బస్సుకి ఇబ్బంది లేదు. పండగలప్పుడు విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సులు కిటకిటలాడితే దువ్వాడ స్టేషన్ గుర్తుపెట్టుకోమనండి. విశాఖ లోపలికి వెళ్లకుండా దువ్వాడ మీదుగా విజయనగరం వైపు వచ్చే రైళ్లు కొన్ని ఉన్నాయి. గాజువాక వాళ్లకి అదే దగ్గర.

భయం గురించి కూడా రాశారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్ ప్రమాదంలో 17 మంది పోయారు, మీ భయం ఊరికే వచ్చింది కాదు. కాకపోతే అమ్మాయి ఇప్పుడు పనిచేస్తున్నదీ మందుల ఫ్యాక్టరీలోనే, అదీ ప్రొడక్షన్ బ్లాకులో. రియాక్టర్లు, సాల్వెంట్లు ఉన్నచోటు నుంచి ల్యాబ్‌కి మారడం ఆ లెక్కన కొంత మెరుగే. ల్యాబ్ వేరే భవనంలో ఉందా, బయటికి రెండు దారులు ఉన్నాయా, మాక్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు చేశారు అని చేరిన మొదటి వారంలోనే చూసుకోమనండి.

హైదరాబాద్ ఇప్పుడు వద్దు. కంపెనీలు అక్కడ చాలా ఎక్కువ, నిజమే. కానీ హెచ్‌పీఎల్‌సీ అనుభవం లేకుండా వెళ్తే అక్కడా మొదలుపెట్టేది ఈ జీతం దగ్గరే, ఖర్చు మాత్రం పెరుగుతుంది. రెండేళ్లు ల్యాబ్‌లో చేసి వెళ్తే మాట వేరు. సంబంధాల విషయంలోనూ ఇదే పనికొస్తుంది. అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నా విశాఖలో ఉన్నా క్యూసీ అనుభవం ఆమె వెంట వెళ్తుంది. అటూ ఇటూ కాక మళ్లీ మీ దగ్గరికే రావాలనుకున్నా పైడిభీమవరంలోనే క్యూసీ ల్యాబులున్నాయి, ఈసారి కంపెనీ రోల్స్ మీద అడగొచ్చు. భోగాపురం ఎయిర్‌పోర్టు వచ్చాక ఇక్కడే ఉద్యోగాలొస్తాయని ఎవరో అన్నారని రాశారు. వస్తాయి, కెమిస్టులకి కాదు.

ఒకవేళ మేనేజరు సూటిగా చెప్పకుండా దాటేస్తే, ఉన్నచోటే ఇంకో దారి ఉంది. అమ్మాయి రాస్తున్న బ్యాచ్ రికార్డులు చిన్న పని కాదు. ప్రతి దశలో ఎవరు చేశారు, ఎవరు సరిచూశారు, తేడా వస్తే ఎలా నమోదు చెయ్యాలి అన్నది తెలిసినవాళ్లు క్వాలిటీ అస్యూరెన్స్‌కి (క్యూఏ), ముఖ్యంగా తయారవుతుండగానే సరిచూసే ఇన్‌ప్రాసెస్ క్యూఏకి పనికొస్తారు. రెజ్యూమెలో 'రికార్డులు రాయడం' అని కాకుండా బీఎంఆర్ (బ్యాచ్ రికార్డు) నింపడం, డీవియేషన్ (తేడాల) నమోదు అని చేసిన పని చేసినట్టు రాసి, పైడిభీమవరం కంపెనీల వాకిన్‌లకి వెళ్లమనండి. జీతం ఇంతకంటే కాస్త పెరిగి, రోల్స్ మీద వస్తే ఇంటి దగ్గరున్న లాభమూ పోదు.

వెళ్లడానికే నిశ్చయిస్తే చేతిలో 25 వేలు ఉంచుకోండి. హాస్టల్ అడ్వాన్సు ఉంటుంది, పైగా హాజరు లెక్క నెల 20 నుంచి 25 మధ్య కట్టేసే కంపెనీల్లో ఆ తేదీ దాటి చేరితే మొదటి జీతం ఇంకో నెలకి గానీ పడదు. ఇక్కడ రాజీనామా నోటీసు ఇచ్చి, పూర్తి చేసి, కాంట్రాక్టర్ దగ్గర సర్వీసు సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ తీసుకున్నాకే కదలాలి. చెప్పకుండా మానేసి అక్కడ చేరితే పీఎఫ్ నంబరు యూఏఎన్‌లో రెండు ఉద్యోగాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి, వెరిఫికేషన్‌లో అదే పట్టుకుంటారు. పాత పీఎఫ్ డబ్బు తీసేయకుండా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టించండి. ఐదేళ్లు నిండకముందే తీసేస్తే పన్ను పడొచ్చు. చేరాక ఆరో నెల నిండేసరికి లాగిన్ రాకపోతే ఇంకో ఏడాది చూద్దామని ఆగొద్దు, ఆ నెల నుంచే వాకిన్‌లు మొదలుపెట్టమనండి.