మాక్రో పేరులో తొమ్మిది ప్రశ్నార్థకాలు

ప్రశ్న: మా మిల్లులో జీడి పిక్కల బస్తాలు, గుండు, బద్ద లెక్కలన్నీ నేనే ఎక్సెల్‌లో రాస్తాను. రోజువారీ మొత్తం దానంతటదే తీసే చిన్న ప్రోగ్రాముకు, అంటే మాక్రోకు, ‘జీడిలెక్క’ అని పేరు పెట్టబోతే, నాలుగు అక్షరాల చోట తొమ్మిది ప్రశ్నార్థకాలు పడి, ఆ వరుస ఎర్రగా మారిపోయింది. అదే పేరును షీటుకు పెడితే చక్కగా పట్టింది. ఫాంటు మార్చినా లాభం లేకపోయింది. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఫాంటును అనుమానించవలసిన పని లేదు. ఫాంటులో అక్షరం లేకపోతే సాధారణంగా ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ప్రశ్నార్థకం పడిందంటే అక్షరపు సంకేతమే పోయి, దాని స్థానంలో నిజంగా ప్రశ్నార్థకమే నమోదైందన్నమాట. తొమ్మిదే ఎందుకంటే, కంటికి నాలుగుగా కనిపించే ‘జీడిలెక్క’ యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యా సంకేతాలిచ్చే పద్ధతిలో, జ, గుడిదీర్ఘం, డ, గుడి, ల, ఎత్వం, క, పొల్లు, క అనే తొమ్మిది సంకేతాల వరుస.

ఎక్సెల్ గళ్ళూ షీట్ల పేర్లూ యూనికోడ్‌లోనే ఉంటాయి. మాక్రోలు రాసే భాష వీబీఏ. దాని ఎడిటర్ మాత్రం, ఆ భాష 1993లో ఎక్సెల్‌లోకి వచ్చిన నాటి పద్ధతిలోనే, విండోస్‌లో ఎంచుకున్న కోడ్‌పేజీకి, అంటే కొన్ని లిపులకే పరిమితమైన పాత అక్షర పట్టికకు, లోబడి పనిచేస్తుంది. జపాన్ వారి విండోస్‌లో 932 అనే కోడ్‌పేజీ ఉన్నందువల్ల వారు మాక్రోలకు తమ లిపిలోనే పేర్లు పెట్టుకోగలుగుతున్నారు. మన యంత్రాలలో సాధారణంగా ఉండే 1252లో తెలుగుకు చోటు లేదు. పైగా తెలుగు విండోస్‌లోకి యూనికోడ్ ద్వారానే వచ్చినందువల్ల, దానికంటూ ఎంచుకోదగిన సిస్టమ్ కోడ్‌పేజీయే లేదు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగు ఉన్నప్పటికీ, ఈ ఎడిటర్ నేటికీ దానిని అందుకోకపోవడం ఉపేక్షే అని నా అభిప్రాయం.

అందువల్ల మాక్రో పేరును ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీలు లేకుండా, ‘జీడి’, ‘లెక్క’ మాటల మధ్య అడ్డగీత కాక కిందిగీత పెట్టి రాయండి. దానిని నడిపే బటన్‌ను షీటు మీద పెట్టి, బటన్‌పై మాత్రం నిస్సంకోచంగా తెలుగులో రాసుకోవచ్చు. మిల్లులో వాడేవారికి కనిపించేది అదే కదా.

ఇక్కడే మరొక చిక్కు ఉంది. కోడ్‌లో షీటును తెలుగు పేరుతో పిలవబోయినా మళ్ళీ ప్రశ్నార్థకాలే పడతాయి. ఎడిటర్‌లోని ప్రాపర్టీస్ కిటికీలో ప్రతి షీటుకూ కోడ్‌నేమ్ అనే మరో పేరు ఉంటుంది. దానిని ఇంగ్లీషులో ఉంచి దానితోనే పిలవండి. కోడ్‌కు తెలుగు మాటలు అవసరమైతే ఒక దాచిన షీటులో గడికొకటి చొప్పున రాసిపెట్టి, అక్కడి నుంచి చదివించండి. సంకేత సంఖ్య ఇస్తే అక్షరాన్నిచ్చే సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ ఫంక్షన్‌కు 3100 ఇస్తే ‘జ’, 3136 ఇస్తే గుడిదీర్ఘం వస్తాయి గాని, అలా ఒక వాక్యం కూర్చడం పిక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టడం వంటిది. అలా కూర్చినా ఎంఎస్‌జీబాక్స్ సందేశపు కిటికీ తెలుగును చూపదు. మనమే తయారుచేసుకునే కిటికీ అయిన యూజర్‌ఫారమ్‌లోని లేబుల్ చూపుతుంది.