ట్రిప్‌కి టెంటు కొని, వాడుకుని, వెనక్కి ఇచ్చేస్తే తప్పేంటి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెరికాలో క్యాంపింగ్, హైకింగ్ సామాన్లు అమ్మే షాపులు కొన్ని వాడిన వస్తువుని కూడా ఏడాదిలోపు తెస్తే తీసుకుంటాయి. ఫ్రెండ్స్ లాంగ్ వీకెండ్‌కి టెంటు కొని, తిరిగొచ్చాక ఇచ్చేస్తున్నారు. రూల్ ఒప్పుకుంటున్నప్పుడు తప్పేముంది?

తప్పే అంటాను. డిపెండెంట్ వీసా హెచ్4 మీద ఉండి, ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి (ఈఏడీ) వచ్చాక అలాంటి షాపులోనే రెండేళ్లు పనిచేశాను. ఎక్కువ కాలం రిటర్న్స్ కౌంటర్‌లోనే. షాపు పేరు చెప్పను. కౌంటర్‌కి అవతలి వైపు ఏం జరుగుతుందో మాత్రం చెప్తాను.

ముందు నా సంగతి. ఆ ఉద్యోగంలో చేరకముందు మేమూ ఇదే పని చేశాం. కొత్తగా వచ్చిన రోజులు. రెండు స్లీపింగ్ బ్యాగులు కొని, రెండు రాత్రులు పడుకుని, చుట్టి తెచ్చి ఇచ్చేశాం. కారణం అడిగితే "వెచ్చగా లేవండీ" అన్నాను. హాయిగా వెచ్చగానే ఉన్నాయి. అక్కడి అమ్మాయి ఒక్క మాట అనకుండా డబ్బు కార్డులో వేసేసింది. ఏమీ అడగలేదని కార్లో సంబరపడ్డాం. తర్వాత అలాంటి చోటే నేను నిలబడ్డప్పుడు అర్థమైంది, ఆ అమ్మాయికి అంతా తెలుసని. ఇప్పటికీ అది గుర్తొస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

తెలియకుండా ఎలా ఉంటుంది? టెంటు సంచి తాడు వదులు చేయగానే ముందు పొగ వాసన వస్తుంది. చలిమంట పక్కన ఒక్క సాయంత్రం ఉన్నా ఆ వాసన గుడ్డని అంత తేలిగ్గా వదలదు. మేకుల చివర ఎండిన మట్టి, కింది గుడ్డ మడతల్లో సూదుల్లాంటి పైన్ ఆకులు, మూలల్లో ఇసుక. ఒకసారి ఒకాయన పిల్లాడిని వెంటబెట్టుకుని వచ్చి ఇచ్చిన టెంటు లోపలి జేబులో చిన్నపిల్లల సాక్సు ఒకటి దొరికింది. అప్పటికే ఆయన "అసలు తెరవనే లేదు" అని చెప్పి ఉన్నాడు. సాక్సు తీసి ఆయన చేతికిచ్చాను. తలొంచుకుని తీసుకున్నాడు. డబ్బు మొత్తం ఇచ్చేశాను. నిజం చెప్పినా అంతే ఇచ్చేదాన్ని, ఎందుకంటే వాడినవీ తీసుకోమనే మాకు చెప్పారు. ఉత్త పుణ్యానికి పిల్లాడి ముందు అబద్ధం ఆడాడే అని ఆ రోజంతా బాధగా అనిపించింది.

ఇక మీ అసలు పాయింట్, రూల్. చాలాచోట్ల ఆ రూల్ చెప్పేది ఒకటే: మీకు తృప్తి కలగకపోతే తీసుకురండి. ట్రిప్ బాగా జరిగి, టెంటు వానకి నిలిచి, ఫొటోలు కూడా బాగా వచ్చాక తృప్తి కలగలేదని ఎలా అంటాం? అది అద్దె లేకుండా అద్దెకు తెచ్చుకోవడం.

ఈ రూల్ ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో, బూట్లు, బట్టలు అమ్మే ఎల్.ఎల్.బీన్ కంపెనీ 1912లో మొదలైంది. మొదట అమ్మిన 100 జతల వేట బూట్లలో 90 జతలు కుట్లు ఊడి వెనక్కి వచ్చాయని, దాన్ని పెట్టిన బీన్ అందరికీ డబ్బు ఇచ్చేసి, అప్పు చేసి మళ్లీ బాగా తయారు చేయించాడని ఆ కంపెనీ చెప్పుకునే కథ. అంటే తప్పు తనది కాబట్టి భారం తనే మోశాడు. ఆ మాట మీద వందేళ్లకు పైగా గడువు లేకుండా వస్తువులు వెనక్కి తీసుకున్నారు. చివరికి జనం ఏళ్ల తరబడి తొడిగి చిరిగినవి, పాత సామాన్ల అమ్మకాల్లో ఎవరి దగ్గరో కొన్నవి కూడా తెచ్చి డబ్బు అడగడం మొదలుపెట్టారు. మళ్లీ అమ్మడానికి పనికిరాక పారేయాల్సిన రిటర్న్‌ల వల్లే అయిదేళ్లలో 25 కోట్ల డాలర్లు పోయాయని చెప్పి, 2018 ఫిబ్రవరిలో ఏడాది గడువు పెట్టారు. కొన్నట్టు రుజువు కూడా చూపించాలన్నారు.

క్యాంపింగ్ సామాన్లు అమ్మే ఆర్‌ఈఐ (REI) షాపులది ఇంకా బాధ కలిగించే సంగతి. 1938లో సియాటిల్‌లో ఆండర్సన్ దంపతులు, కొండలెక్కే స్నేహితులు కలిసి, మంచి పరికరాలు సరసమైన ధరకి తెచ్చుకుందామని పెట్టుకున్న సహకార సంఘం అది. ఇప్పటికీ సభ్యులదే. అక్కడా గడువు ఉండేది కాదు. పేరులో ఆర్ అంటే 'రిక్రియేషనల్' కాదు, 'రెంటల్' (అద్దె) అని జనం ఎగతాళిగా పిలిచే దాకా వెళ్లింది. 2013లో సభ్యులకి ఏడాది అని కట్టడి చేశారు. సహకార సంఘంలో నష్టమంటే ఎవరో పెద్ద కంపెనీ జేబులోంచి పోయేది కాదు. పక్క సభ్యుడి వాటాలోంచి పోతుంది.

వెనక్కి వచ్చినవి మళ్లీ అమ్ముకుంటారులే అంటారు చాలామంది. వాడిన టెంటు మళ్లీ కొత్తదానిగా షెల్ఫులో పెట్టలేం. తుడిచి, పోల్స్ లెక్కపెట్టి, సగం ధరకో ఇంకా తక్కువకో ఇస్తాం. కొన్ని అలా కూడా ఇవ్వలేం. కొండలెక్కేవాళ్లు నడుముకి కట్టుకునే తాడు ఒకసారి బయటికి వెళ్లి వస్తే, దాని మీద ఎవరైనా పడ్డారా, ఏదైనా కెమికల్ తగిలిందా అని చూసి చెప్పడం కుదరదు. మనిషి ప్రాణం దాని మీద వేలాడుతుంది కదా. ఒక వ్యక్తి నీలం రంగు తాడు తెచ్చి "రెండుసార్లే వాడాను, రంగు నచ్చలేదు" అన్నాడు. ఆయన వెళ్లాక వెనక గదిలో నేనే దాన్ని ముక్కలుగా కోశాను. కత్తెరకి లొంగనంత గట్టి తాడు. కోస్తుంటే లోపలి తెల్లటి నైలాన్ పోగులు కొత్తగా మెరుస్తున్నాయి. చాలా కోపం వచ్చింది.

అలాగని తెచ్చినవాళ్లంతా మోసగాళ్లని కాదు. రెయిన్ జాకెట్ కారుతోందని వచ్చేవాళ్లలో చాలామంది నిజంగానే అది పాడైందనుకుంటారు. చాలాసార్లు లోపలి పొర బాగానే ఉంటుంది. చెమట, మురికి పట్టి, నీటిని జార్చే పైపూత పనిచేయడం మానేస్తుంది. అలాంటి బట్టల కోసమే అమ్మే సబ్బుతో ఉతికి, లేబుల్ మీద ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడికి తిప్పితే నీళ్లు మళ్లీ ముత్యాల్లా జారిపోతాయి. ఈ మాట చెప్పి ఎన్నో జాకెట్లు వెనక్కి ఇంటికి పంపించాను. పూర్తిగా పోతే పూత మళ్లీ వేసుకోవచ్చు. టెంటుని తడిగా చుట్టి అటక మీద పడేస్తే కొన్నేళ్లకి లోపలి పూత జిగటగా మారి ఊడిపోతుంది. అది షాపు తప్పు కాదు.

నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి ఒకావిడ. కొత్త బ్యాక్‌ప్యాక్, మూడో రోజు నడకలో భుజం పట్టీ కుట్లు పూర్తిగా విడిపోయాయి. తాడుతో కట్టుకుని, ఒక భుజం మీద మోసుకుంటూ కిందికి దిగిందట. భుజం కమిలి ఉంది. అయినా "వాడేశాను, సారీ, తీసుకుంటారో లేదో" అని పదిసార్లు అంది. ఆ గ్యారంటీ పెట్టిందే ఆవిడలాంటి వాళ్ల కోసం. గడువులు తగ్గి, ప్రశ్నలు పెరిగితే ఇబ్బంది పడేది ఆవిడే. చేసేది ఒకరు, పడేది ఇంకొకరు. ఏడాది దాటి రెండు నెలలకి జిప్ పాడైన జాకెట్‌తో వచ్చిన ఒక పెద్దాయనకి నేనే కాదని చెప్పాల్సి వచ్చింది. తయారు చేసిన కంపెనీ వారంటీకి రాయమని కాగితం ఇచ్చాను. అంతకు ముందు గంటలోనే అరిగిపోయి నున్నగా అయిన బూట్లకి, ఏడాది పూర్తికాలేదు కాబట్టి, పూర్తి డబ్బు ఇచ్చి పంపించాను.

మీరు అడిగింది ఒక్క ట్రిప్ కోసం కాబట్టి చెప్తున్నాను, టెంటు, స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్ అద్దెకు ఇచ్చే షాపులు ఉన్నాయి. చాలా యూనివర్సిటీల్లో కూడా ఇస్తారు. కొనుక్కోవాలనే ఉంటే వెనక్కి వచ్చినవి తక్కువ ధరకి అమ్మే విభాగం చూడండి. మా టెంటు అక్కడిదే, ఆరేళ్లుగా వాడుతున్నాం. బూట్లు మాత్రం కొత్తవే కొని, ముందు రెండు మూడు రోజులు ఇంట్లో కార్పెట్ మీద, మందపాటి సాక్సుతో, సాయంత్రం పూట తొడిగి తిరగండి. అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నొప్పి పెడితే నిస్సంకోచంగా ఇచ్చేయండి, సైజు సరిపోలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అద్దెకైతే లాంగ్ వీకెండ్‌కి కనీసం మూడు వారాల ముందు ఫోన్ చేయండి, నలుగురు పట్టే టెంట్లు అన్నిటికంటే ముందు అయిపోతాయి.