రెండు యూనియన్లు ఒకటయ్యే ముందు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. మీ యూనియనూ అవతలి యూనియనూ కలిసిపోవాలన్న మాట గేటు దగ్గర ఎన్నాళ్ళనుంచో నలుగుతున్నదే. ఈసారి మాత్రం తేల్చుకోక తప్పదు. 2025 నవంబరు 21న యూనియన్లకూ సమ్మెలకూ సంబంధించిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్, అమల్లోకి వచ్చింది, దాంతో మన లెక్కలన్నీ మారిపోయాయి.

నువ్వు రాసిన అంకెలే చూద్దాం. మస్టర్ రోల్ మీద, అంటే ఫ్యాక్టరీ హాజరు పట్టీలో, 800 మంది. మీవాళ్ళు 330, అవతలివాళ్ళు 150, మేనేజ్‌మెంట్ మాట వినే మూడో యూనియన్‌లో 200. యాభై ఒక్క శాతం, అంటే 408 మంది ఏ యూనియన్ వెనక ఉంటే చర్చలకు అదొక్కటే కూర్చుంటుంది. ఎవరికీ అంత బలం లేకపోతే చర్చల మండలి వేస్తారు, ప్రతి 20 శాతానికి ఒక సీటు చొప్పున. అలా మీకూ, మూడో యూనియన్‌కూ సీట్లు వస్తాయి. 150 మందికి 20 శాతం కూడా నిండదు కాబట్టి అవతలివాళ్ళకు ఏమీ రాదు. వేజ్ సెటిల్‌మెంట్ (జీతాల ఒప్పందం) జరిగే గదిలోకి వాళ్ళు అడుగే పెట్టలేరు. మీ గుమ్మం ఎక్కింది అందుకే. అయినా వాళ్ళను లోకువగా చూడకు. ఆ 150 మంది లేకపోతే మీకూ 51 శాతం రాదు. గుర్తింపు ఒకసారి ఇచ్చారంటే మూడేళ్ళు నడుస్తుంది, ఈ దఫా పోతే అన్నాళ్ళూ మండలిలో మూడో యూనియన్ పక్కనే కూర్చోవాలి.

330కి 150 కలిపితే 480 అని నువ్వు రాశావు. ఆ మొత్తం నమ్మకు. ఏ ఫ్యాక్టరీలోనైనా ఇద్దరికీ చందా కట్టేవాళ్ళు ఉంటారు. ఒకరు బావమరిది, ఇంకొకరు ఊరివాడు, ఎవరినీ కాదనలేక రెండు రసీదులూ తీసుకుంటారు. కాబట్టి ముందు రెండు సభ్యత్వ రిజిస్టర్లూ, మస్టర్ రోల్ కాపీ పక్కపక్కన పెట్టుకోండి. పేర్లు చూసి పోల్చొద్దు, ఒకే పేరున్నవాళ్ళు షాపుకు నలుగురు ఉంటారు. టోకెన్ నంబర్ల వరసలో ఒకడు చదవాలి, ఇద్దరు పెన్సిల్‌తో టిక్ పెట్టాలి. రిటైరైనవాళ్ళను, బదిలీ మీద వెళ్ళినవాళ్ళను కొట్టేయండి. అలా చూస్తే రెండు చోట్లా ఉన్నవాళ్ళు 80 మంది తేలారనుకో, మీకు మిగిలేది 400. ఎనిమిది మంది తక్కువ! ఏ యూనియన్‌లోనూ చేరనివాళ్ళు ఇంకా ఉన్నారుగా, వాళ్ళ దగ్గరికి ఈ పని ముగిశాకే వెళ్ళండి, ఎంతమంది కావాలో తెలుస్తుంది.

ఇక ఓటింగ్. పాత ట్రేడ్ యూనియన్ల చట్టంలో (1926) విలీనానికి ఒక కొలత ఉండేది. ఒక్కో యూనియన్‌లో ఓటు హక్కున్నవాళ్ళలో కనీసం సగం మంది ఓటెయ్యాలి, పడ్డ ఓట్లలో 60 శాతం అనుకూలంగా రావాలి. ఇప్పుడు పద్ధతి కొత్త కోడ్ కింది రూల్స్ ప్రకారం ఉంటుంది, కార్మిక శాఖలో యూనియన్ల రిజిస్ట్రార్‌ని రాతపూర్వకంగా అడగండి. రూల్ ఏం చెప్పినా ఆ పాత కొలతకు తక్కువ కాకుండా, రహస్య బ్యాలెట్‌తోనే చెయ్యండి. జనరల్ బాడీలో చేతులెత్తించి అయిందనిపిస్తే, ఓడినవాళ్ళు మర్నాడే మూడో యూనియన్‌లో చేరతారు.

అన్నిటికన్నా చిక్కు ఫెడరేషన్, అంటే మీ యూనియన్ పైన ఉండే పెద్ద సంఘం, విషయం. మీరొక జెండా, వాళ్ళొక జెండా. మనవాళ్ళకిది కొత్త కాదు. 1929లో ఏఐటీయూసీ (అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) చీలింది. మళ్ళీ ఒకటి కావడానికి 1940 దాకా పట్టింది. వి.వి. గిరిగారు అందుకు చాలా పాటుపడ్డారు. అప్పుడు కుదిరిన షరతు చూడు: రాజకీయ విషయాలకు, సమ్మెలకు మామూలు మెజారిటీ చాలదు, అంతకన్నా ఎక్కువమంది ఒప్పుకోవాలి. చిన్న పక్షానికి భరోసా ఇచ్చింది ఆ షరతే. మీరూ అలాంటిదొకటి నిబంధనావళిలో రాసుకోండి. ఫెడరేషన్ సంగతి మాత్రం మొదటి టర్మ్ అయ్యేదాకా పక్కన పెట్టండి.

కమిటీ సీట్లు కూడా అంతే, నోటిమాట మీద వదలొద్దు. బ్రిటన్‌లో 1993లో ప్రభుత్వ సేవల ఉద్యోగుల యూనియన్లు మూడు కలిసి యునిసన్ అయ్యాయి. సభ్యుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, అందుకని కమిటీల్లో వాళ్ళ సంఖ్యకు తగ్గ చోటు ఉండాలని రూల్ బుక్‌లోనే పెట్టుకున్నారు. మీ దగ్గర ప్యాకింగ్‌లో ఉన్నది దాదాపు అందరూ ఆడవాళ్ళేనని నువ్వే రాశావు. మీ విలీన ఒప్పందం చిత్తుప్రతిలో వాళ్ళ ఊసే లేదు. కాంట్రాక్టు కార్మికుల ఊసూ లేదు. వాళ్ళు కాంట్రాక్టరు మస్టర్ మీద ఉంటారు, మీ 51 శాతం లెక్కలోకి రారు, అది నిజమే. కానీ రేపు సమ్మె అంటే లైన్ ఆగేదీ నడిచేదీ వాళ్ళ చేతుల్లోనే ఉంది. వాళ్ళ డిమాండ్లు మీ కోర్కెల చార్టర్‌లో మొదటి పేజీలో పెట్టండి.

సమ్మె మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలోనైనా 14 రోజుల ముందు నోటీసివ్వాలి. కన్సిలియేషన్ (కార్మిక శాఖ అధికారి ముందు రాజీ చర్చలు) నడుస్తున్నంతకాలం, ఆ తర్వాత మరో ఏడు రోజులు సమ్మె చెయ్యకూడదు. సగం మంది కలిసి క్యాజువల్ లీవ్ పెట్టినా అదీ సమ్మె కిందికే వస్తుంది. వెనకటిలా సాయంత్రం గేట్ మీటింగ్ పెట్టి పొద్దున్నే లోపలికి వెళ్ళకుండా ఉండిపోతే జీతాలూ పోతాయి, కేసులూ పడతాయి. విలీనం సంబరంలో కుర్రవాళ్ళు తొందరపడతారు, ఈ సంగతి షిఫ్టు షిఫ్టుకూ వెళ్ళి నువ్వే చెప్పు.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. రెండు బ్యాంకు ఖాతాలూ, అప్పులూ, ఆఫీసు గది అద్దె, లేబర్ కోర్టులో ఉన్న కేసులూ కాగితం మీద పెట్టి, బయటి ఆడిటర్‌తో చూపించాకే సంతకాలు. విలీనమైనంత మాత్రాన పాత యూనియన్ హక్కులు గానీ, దానికి అప్పిచ్చినవాళ్ళ హక్కులు గానీ పోవు. కాబట్టి వాళ్ళ బాకీ రేపు మీ బాకీ.

ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. అవతలి సెక్రటరీని కూడా వెంటబెట్టుకుని రా. రిజిస్టర్లు మర్చిపోవద్దు.

మీ అన్నయ్య