ఒక్క చిరునామా తప్పితే అందరికీ ఆగిపోయే మెయిలు

ప్రశ్న: మాది గంజాం జిల్లా బరంపురంలోని పట్టుచీరల వర్తకుల సంఘం. కార్యాలయంలో సొంత మెయిల్ సర్వరు ఉంది, దానిలో మెయిళ్లను చేరవేసే పోస్ట్‌ఫిక్స్ ప్రోగ్రాము నడుస్తోంది. నెలనెలా ధరల పట్టికను ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ, విజయనగరం దుకాణాలకూ మా సిబ్బందికీ కలిపి 60 చిరునామాలకు మా కంప్యూటర్లోని మెయిలు ప్రోగ్రాము థండర్‌బర్డ్ నుంచి ఒకే మెయిలుగా పంపుతాం. ఈసారి పంపబోతే ‘రెసిపియెంట్ అడ్రస్ రిజెక్టెడ్: యూజర్ అన్‌నోన్ ఇన్ వర్చువల్ మెయిల్‌బాక్స్ టేబుల్’ (ఆ పేరుతో మెయిలు పెట్టె లేదు) అని వచ్చి ఆగిపోయింది. అందులో కనిపించిన చిరునామా పని మానేసిన మా గుమాస్తాది. మిగిలినవారికి చేరిందో లేదో తెలియక మళ్లీ పంపడానికి జంకుతున్నాం. ఏ పేరుతో వచ్చిన మెయిలునైనా తీసుకునేటట్టు సర్వరును మార్చేయమని తెలిసినవారు ఒకరు చెప్పారు. అలా చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీకు వచ్చిన సందేశాన్ని బట్టి చూస్తే మిగిలిన 59 మందిలో ఎవరికీ ఆ మెయిలు చేరి ఉండదు. పంపే ప్రోగ్రాము సర్వరుతో మాట్లాడేటప్పుడు ముందు పంపేవారి చిరునామాను, తర్వాత అందుకోవలసినవారి చిరునామాలను ఒక్కొక్కటిగా చెబుతుంది. సర్వరు ఒక్కొక్కదానికీ విడిగా, ఒప్పుకుంటే 250 అనీ, అలాంటివారు లేరనుకుంటే 550 అనీ, ఇప్పుడు కాదు తర్వాత రమ్మనాలంటే 450 అనీ బదులిస్తుంది. ఈ పిలుపంతా పూర్తయ్యాకనే ఉత్తరం అసలు పాఠం సర్వరుకు వెళుతుంది. ఒకటి తిరస్కరించినా ఒప్పుకున్న 59 మందికి పాఠం పంపడానికి నియమాల్లో ఏ అడ్డూ లేదు. థండర్‌బర్డ్ మాత్రం తిరస్కారం వినగానే మొత్తం ప్రయత్నాన్ని విరమించుకుని మీ ముందు సందేశం పెడుతుంది. ఒకరు ఇల్లు మారారని శుభలేఖల కట్ట మొత్తం వెనక్కి తెచ్చినట్టే ఉంటుంది ఈ పద్ధతి. అయినా దీనికి సర్వరును తప్పుపట్టలేం.

అనుమానం తీరాలంటే సర్వరు తన పనులన్నీ రాసుకునే చిట్టా, అంటే మెయిల్ లాగ్ చూడండి. మీరు పంపిన సమయానికి ‘రిజెక్ట్’ అన్న వరుస ఉంటుంది. తిరస్కరించిన చిరునామా జాబితాలో మొదటిదైతే ఆ వరుసలో ‘నోక్యూ’ అని కనిపిస్తుంది. అంతకుముందే ఎవరినైనా ఒప్పుకుని ఉంటే దాని స్థానంలో ఒక క్యూ ఐడీ (పంపవలసిన మెయిళ్ల వరుసలో ఆ మెయిలుకు సర్వరు ఇచ్చే గుర్తు) ఉంటుంది. ఐడీ కనిపించినంత మాత్రాన మెయిలు లోపలికి వచ్చిందనుకోకండి. అదే ఐడీతో ‘క్యూ యాక్టివ్’ అన్న మరో వరుస ఉన్నప్పుడే సర్వరు దాన్ని నిజంగా స్వీకరించినట్టు. ఆ వరుసలోనే ‘ఎన్‌ఆర్‌సీపీటీ’ పక్కన ఎంతమందికి ఒప్పుకున్నదో సంఖ్య రాసి ఉంటుంది. అటువంటి వరుస లేకపోతే నిశ్చింతగా అందరికీ మళ్లీ పంపవచ్చు. ఉంటే మాత్రం ‘సెంట్’ అని పడనివారికే పంపాలి, లేకపోతే ఒకే పట్టిక రెండుసార్లు చేరి దుకాణదారులు ఏది కొత్త ధరో తేల్చుకోలేక మీకు ఫోన్లు చేస్తారు.

ఇక మీకు దొరికిన సలహాను దయచేసి పాటించకండి. లేని పేర్లకు వచ్చిన మెయిలును కూడా తీసుకుంటే స్పామ్ అంతా లోపలికి వచ్చి చేరుతుంది. తీసుకుని తర్వాత తిప్పి పంపడం ఇంకా చెడ్డది, ఎందుకంటే స్పామ్ పంపినవాడు దొంగ చిరునామా పెడతాడు కనుక ఆ తిరుగు ఉత్తరాలన్నీ ఏ పాపమూ ఎరుగని వారికి పోయి, చివరికి మీ సర్వరే నల్లజాబితాలకు ఎక్కుతుంది. బయటి మెయిలు వచ్చే 25వ పోర్టులో (సర్వరుకు ఉన్న ద్వారాల్లో ఒకటి) గుమ్మం దగ్గరి తిరస్కారం అలాగే ఉండాలి.

సడలింపు అవసరమైనది మీ సిబ్బంది పాస్‌వర్డ్‌తో మెయిలు పంపే 587వ పోర్టుకే. పోస్ట్‌ఫిక్స్ అమరికలుండే మాస్టర్ డాట్ సీఎఫ్ ఫైల్లో ‘సబ్‌మిషన్’ భాగం కింద ‘ఎస్‌ఎమ్‌టీపీడీ_రిజెక్ట్_అన్‌లిస్టెడ్_రెసిపియెంట్=నో’ అన్న వరుస సాధారణంగా హ్యాష్ గుర్తు (#) వెనుక పనిచేయకుండా నిద్రపోతూ ఉంటుంది; ఆ గుర్తు తీసేసి పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేయండి. థండర్‌బర్డ్ 587 ద్వారానే పంపుతోందనీ, పాస్‌వర్డ్ లేనివారికి ఆ పోర్టులో అనుమతి లేదనీ ముందుగా చూసుకోవాలి. ఆ తర్వాత 60 చిరునామాలనూ సర్వరు ఒప్పుకుంటుంది, 59 మందికీ మెయిలు వెళుతుంది, గుమాస్తా పేరుది మాత్రం కారణంతో సహా పంపినవారి పెట్టెకే తిరిగి వస్తుంది. గుమాస్తా చిరునామాను జాబితా నుంచి తీసివేయడం ఎలాగూ తప్పదనుకోండి.

అసలు పట్టిక ఫైలే పెద్దదైతే కథ వేరు. పోస్ట్‌ఫిక్స్‌లో మీరు మార్చకపోతే మెయిలు పరిమాణానికి హద్దు 1,02,40,000 బైట్లు. అది దాటితే చిరునామాలన్నీ సరైనవైనా ఒక్కరికీ వెళ్లదు.

ఇవన్నీ సరిచేశాక కూడా ఒకటి రెండు ఊళ్లకు ఆలస్యం కావచ్చు. అవతలి సర్వరు 4తో మొదలయ్యే సంఖ్య చెప్పినా, కరెంటు లేక అసలు పలకకపోయినా లాగ్‌లో ‘డిఫర్డ్’ (వాయిదా పడింది) అని పడుతుంది, మెయిలు క్యూలోనే నిలిచి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది గానీ, ఆ 5 రోజులూ పంపినవారికి ఏమీ చెప్పదు. ‘డిలే_వార్నింగ్_టైమ్’ విలువ మొదట సున్నాగా ఉండడమే అందుకు కారణం. మరో అమరికల ఫైలైన మెయిన్ డాట్ సీఎఫ్‌లో దాన్ని 4 గంటలు చేయండి. పర్లాకిమిడి దుకాణానికి పట్టిక చేరలేదన్న సంగతి ఆ పూటే తెలుస్తుంది, ఫోన్‌లో ధరలు చెప్పడానికి మీకు వ్యవధి ఉంటుంది.