అమ్మాయి ఉద్యోగం కోసం మీరు ఫోన్లు చేయకండి

ప్రశ్న: మాది మూసాపేట. మా అమ్మాయి 2024లో సీఎస్ఈ బ్రాంచిలో బీటెక్ పూర్తి చేసింది. బ్యాక్‌లాగ్స్ లేవు, 7.1 సీజీపీఏ. క్యాంపస్‌లో సెలెక్ట్ కాలేదు. నౌక్రీ, లింక్డ్ఇన్‌లలో రోజూ అప్లై చేస్తోంది, కాల్స్ రావడం లేదు. వచ్చిన రెండు ఇంటర్వ్యూల్లోనూ ‘మీ గురించి చెప్పండి’ అనగానే తడబడిందట. చూడలేక నేనే కొన్ని కంపెనీల హెచ్ఆర్‌లకు ఫోన్ చేసి మాట్లాడాను, సరిగా స్పందించలేదు. మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు కవర్ లెటర్, రెజ్యూమే, ఇంటర్వ్యూ ట్రైనింగ్, మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు అంటున్నారు. 20 వేలు అడ్వాన్స్ కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చాం. అమీర్‌పేటలో ఇంకొకరు 45 వేలకు కోర్సు, ఇంటర్వ్యూ ట్రైనింగ్ ఇస్తామంటున్నారు. రెండింటిలో ఏది మేలు? అమ్మాయి సొంతంగా చేసింది అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, ఆ ఆర్డర్ల కోసం ఏదో చిన్న ప్రోగ్రామ్ రాసింది, అంతే. తన కవర్ లెటర్ జతచేశాను. నంబరు కూడా ఇస్తున్నాను. — ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది రెండు ప్యాకేజీల్లో ఏది మేలని. కానీ ఉత్తరం పొడవునా కనిపించేది ఇంకో భయం. మా పిల్ల దగ్గర సరుకు లేదు, ఎక్కడో ఒకచోట కొనిపెట్టాలి అన్న భయం. ఇదే మాట ఏటా ఎన్నో ఇళ్ల నుంచి వింటాను. కోర్సు పేరు మారుతుంది, రేటు మారుతుంది, భయం మాత్రం అదే.

ముందు ఒక విషయం గుర్తు చేస్తాను. మీ అమ్మాయి బయటికొచ్చిన సంవత్సరం ఎలాంటిదో చూడండి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో 13 వేల మందికి పైగా, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేల మంది, విప్రోలో 24 వేల మందికి పైగా ఉద్యోగుల సంఖ్య తగ్గింది. ఏటా వేల మంది ఫ్రెషర్స్‌ని తీసుకునే కంపెనీలే ఆ ఏడు ఆచితూచి అడుగేశాయి. అలాంటప్పుడు 7.1 సీజీపీఏ ఉన్న పిల్ల క్యాంపస్‌లో సెలెక్ట్ కాకపోతే అందులో తన తప్పు వెతకాల్సిన పని లేదు. ఈ మాట మీరు తనతో ఒక్కసారైనా అన్నారా? అనలేదని తనే చెప్పింది. మీరు నంబరు ఇచ్చారు కదా, మాట్లాడాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఆ మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్, అంటే చేయని ఉద్యోగం చేసినట్టు డబ్బిచ్చి పుట్టించే కాగితాలు. ఇప్పుడు హైదరాబాద్‌లో దీనికున్నంత గిరాకీ దేనికీ లేదు. ‘ఫలానావాళ్ల అబ్బాయి అలాగే పెట్టుకుని చేరాడు, ఇప్పుడు పన్నెండు లక్షల ప్యాకేజీ’ అన్న మాట ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ వినిపిస్తుంది. ఆ అబ్బాయి చేరిన మాట నిజమే అయి ఉండొచ్చు. ఎన్నాళ్లు ఉన్నాడు, రోజూ ఆఫీసులో ఎలా నెట్టుకొస్తున్నాడు అన్నది ఎవరూ చెప్పరు. మూడేళ్ల అనుభవం ఉందని చేరిన మనిషికి మూడేళ్ల అనుభవానికి తగ్గ పనే ఇస్తారు. మొదటి వారంలోనే టీమ్ లీడ్‌కి అర్థమైపోతుంది. అప్పుడు రాత్రిళ్లు బయట ఎవరికో నెలనెలా డబ్బులిచ్చి పని చేయించుకునే పిల్లలు ఉన్నారు. జీతంలో సగం అటే పోతుంది, నిద్ర కూడా పోతుంది.

వెరిఫికేషన్, అంటే పాత ఉద్యోగాల వివరాలు నిజమో కాదో కంపెనీలు చేసే తనిఖీ, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. నిజంగా ఉద్యోగం చేసినవారి యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారుకు ఇచ్చే నంబరు) కింద పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ కంపెనీ ఏ నెలలో ఎంత కట్టిందో వరసగా కనిపిస్తుంది. ట్యాక్స్ కోస్తే ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో కనిపిస్తుంది. ‘పీఎఫ్ కూడా మేమే వేయిస్తాం’ అంటారు కొందరు. పేరుకే ఉన్న కంపెనీ నుంచి వేయిస్తారు. అలాంటి కంపెనీల పేర్లు పెద్ద సంస్థల దగ్గర జాబితాగా ఉంటాయి, కొత్త పేర్లు చేరుతూ ఉంటాయి. ఈ రోజు దాటిపోయినా, రెండేళ్ల తర్వాత ఆ పేరు జాబితాలో చేరిందంటే అప్పుడు పిలిచి అడుగుతారు. బోగస్ కంపెనీల పేరుతో ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు పెట్టి చేరినవాళ్లను తీసేస్తున్నామని 2022 నవంబరులో యాక్సెంచర్ బహిరంగంగానే చెప్పింది. అలా బయటికొచ్చిన పిల్లల పరిస్థితి ఫ్రెషర్ కన్నా ఘోరం. రెజ్యూమేలో ఆ ఉద్యోగం రాయలేరు, రాయకపోతే ఆ ఖాళీకి జవాబు చెప్పలేరు. పెళ్లి సంబంధాల సమయంలో ఇదే టెన్షన్ ఇంటికి కూడా వస్తుంది. నేను దీన్ని ఏ ఇంటికీ సలహా ఇవ్వను. ‘అందరూ చేస్తున్నారు’ అన్నది నాకు కారణంగా తోచదు.

ఒక మాట కాస్త కటువుగానే అంటున్నాను, ఏమనుకోకండి. మీరు హెచ్ఆర్‌లకు ఫోన్ చేయడం పిల్లకు చాలా చెరుపు చేసింది. ఇరవై రెండేళ్ల మనిషి ఉద్యోగం కోసం తండ్రి మాట్లాడితే, అవతలివాళ్లు తండ్రి ప్రేమను చూడరు. ఈ అమ్మాయి సొంతంగా ఒక క్లయింటుతో మాట్లాడగలదా అని చూస్తారు. పైగా మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మాయికి అందే మాట ఒక్కటే: నీ వల్ల కాదు. ఆ మాట రోజూ వింటున్న పిల్ల ఇంటర్వ్యూలో తన గురించి తాను ఏం చెప్పుకుంటుంది? తడబాటు ఇంటర్వ్యూ గదిలో మొదలైంది కాదు. ఇంకోటి, ‘ఏదో చిన్న ప్రోగ్రామ్ రాసింది, అంతే’ అని రాశారు. ఆ ‘అంతే’ గురించే అమ్మాయితో చాలాసేపు మాట్లాడాను.

తను చెప్పింది ఇది. బతుకమ్మ ముందు ఆర్డర్లు ఎక్కువై, ఒకే పేరున్న ఇద్దరి బ్లౌజ్ పీసులు తారుమారయ్యాయి. నోటుబుక్కులో కొలతలు కూడా కలిసిపోయాయి. అప్పుడు తను పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ రాసి, పేరు బదులు ఫోన్ నంబరుతో ఆర్డరు వెతికేలా పెట్టింది. నెల తిరక్కుండా ఇంకో చిక్కు వచ్చింది: అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే ఫోన్ నంబరు ఇచ్చారు. దాంతో ప్రతి పీసుకూ ఒక నంబరు కేటాయించి, ఆ నంబరు రాసిన చీటీని అమ్మ బట్టకు పిన్ను పెట్టేలా చేసింది. అమ్మకు ఇంగ్లిష్ రాదు కాబట్టి స్క్రీన్ మీద అన్నీ తెలుగులో పెట్టింది. డెలివరీ తేదీ దగ్గరపడ్డవి పైన కనిపిస్తాయి. మీ ఆవిడ ఇప్పటికీ అదే వాడుతున్నారు.

అయ్యా, ఇది చిన్నది కాదు. నిజమైన మనిషి, నిజమైన ఇబ్బంది, మొదట అనుకున్నది తప్పని తేలడం, దాన్ని సరిచేయడం అన్నీ ఇందులో ఉన్నాయి. ఫ్రెషర్స్ రెజ్యూమేల్లో కనిపించే ప్రాజెక్టుల్లో బయట కొన్నవి చాలానే ఉంటాయి. ఇంటర్వ్యూ చేసేవారికి అది రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. మీ అమ్మాయిని ఈ ప్రోగ్రామ్ మీద పది ప్రశ్నలు అడిగినా పదింటికీ చెప్పగలదు, ఎందుకంటే తనే చేసింది.

ఇక్కడి నుంచి అమ్మాయిని చదవమనండి.

అమ్మా, నీ కవర్ లెటర్ చదివాను. ‘మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో సవాళ్లతో కూడిన స్థానం కోరుకుంటున్నాను, నేను కష్టపడే స్వభావం గల, అంకితభావం ఉన్న వ్యక్తిని’ అని మొదలుపెట్టావు. పేరు తీసేస్తే ఇది ఎవరి లెటరో నువ్వు కూడా చెప్పలేవు. ఏ సైబర్ కేఫ్‌లో అడిగినా ఇదే ఇచ్చేవారు, 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇదే మాట ఇంకాస్త నున్నగా వస్తోంది. వ్యాకరణం సరిచూసుకోవడానికి దాన్ని వాడుకో, తప్పులేదు. ఏం చెప్పాలో మాత్రం దాన్ని అడగకు. అమ్మ బట్టకు పెట్టే పిన్ను సంగతి దానికి తెలియదు.

అన్నిటికీ కవర్ లెటర్ అక్కర్లేదు కూడా. ఫ్రెషర్స్ ఎంపికకు పెట్టే టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పెద్ద పరీక్షల్లో అది ఎవరూ చూడరు, అక్కడ మార్కులే. లెటర్ పనికొచ్చేది చిన్న కంపెనీల దగ్గర. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ యాభై, వంద మందితో నడిచే సంస్థలు ఎన్నో ఉన్నాయి. అక్కడ నీ మెయిల్ చదివేది రేపు నీతో కలిసి పనిచేసే మనిషే అయి ఉండొచ్చు. అలాంటి చోటికి రోజుకు యాభై పంపకు. వారానికి నాలుగైదు చాలు, కానీ ప్రతిదానికీ ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో అరగంట కూర్చుని చదువు.

లెటర్‌ను విడిగా ఫైలుగా పెట్టకుండా మెయిల్‌లోనే రాయి. సబ్జెక్టులో ఉద్యోగం పేరు, నీ పేరు ఉండాలి. మొదటి మాటే పని గురించి ఉండాలి. ‘మా అమ్మ టైలరింగ్ పనిలో ఆర్డర్లు తారుమారవుతుంటే పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ రాశాను. పేరుతో వెతికితే ఇబ్బంది వచ్చింది, ఫోన్ నంబరుతో వెతికినా వచ్చింది, చివరికి ప్రతి పీసుకూ సొంత నంబరు ఇచ్చాక సర్దుకుంది. ఇప్పటికీ వాడుతున్నారు.’ దీన్ని నీకు వచ్చిన తేలిక ఇంగ్లిష్‌లో రాయి. తర్వాత రెండు మూడు వాక్యాల్లో వాళ్లు అడిగిన పనికీ నువ్వు చేసినదానికీ ఉన్న సంబంధం చెప్పు. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టి లింక్ ఇవ్వు, కస్టమర్ల పేర్లు, నంబర్లు మాత్రం తీసేసి పెట్టు. ఫోన్ స్క్రీన్ మీద ఒక్కసారి వేలితో జరిపితే అయిపోవాలి, అంతకన్నా పొడవు వద్దు. వారం రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తు చేసి వదిలెయ్.

‘మీ గురించి చెప్పండి’ అంటే ఊరు, నాన్నగారి ఉద్యోగం, హాబీలు అడుగుతున్నారనుకుని చాలామంది అక్కడే మునిగిపోతారు. ఆ ప్రశ్న అడిగేది నువ్వు తేరుకోవడానికి, వాళ్లు నీ రెజ్యూమే తిరగేసుకోవడానికి. ఏం చదివావు ఒక వాక్యం, ఏం చేశావు నాలుగైదు వాక్యాలు, ఈ ఉద్యోగం ఎందుకు ఒకటి రెండు. అంతకుమించి అక్కర్లేదు. బట్టీ పట్టకు. బట్టీ పట్టినవాళ్లకు మధ్యలో ఒక మాట జారితే మొత్తం పోతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను, మర్నాడు మళ్లీ వేరే మాటల్లో చెప్పు. ఇంగ్లిష్ నెమ్మదిగా వస్తే నెమ్మదిగానే మాట్లాడు. చిన్న వాక్యాలకు ఎవరూ మార్కులు కోయరు.

రెజ్యూమేలో జావా, సీ ప్లస్ ప్లస్, మెషిన్ లెర్నింగ్, క్లౌడ్ అన్నీ రాశావు. ఫోన్‌లో అడిగితే పైథాన్, ఎస్‌క్యూఎల్ తప్ప మిగతావి ‘సెమిస్టర్‌లో చదివాను’ అన్నావు. వాటిని ఈ రోజే తీసేయి. రాసిన ప్రతి పదం మీదా ప్రశ్న వస్తుంది. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, నీకు తెలిసిన దగ్గర నుంచి ఎలా ఆలోచిస్తావో చెప్పు. చదువయ్యాక వచ్చిన గ్యాప్ గురించి తప్పకుండా అడుగుతారు. ‘ఆ ఏడాది అవకాశాలు తగ్గాయి, నేను ఈ ప్రోగ్రామ్ మీద పనిచేశాను, ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను’ అంటే చాలు. తల వంచుకుని చెప్పాల్సిన విషయం కాదిది. వీడియో ఇంటర్వ్యూలో పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకు, నాన్ననైనా సరే. కళ్లు పక్కకు వెళ్తే అవతలివాళ్లకు తెలుస్తుంది. చివర్లో ‘ఏమైనా అడుగుతారా’ అంటే, కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు ఎలాంటి పని ఇస్తారో అడుగు.

నేరుగా వెళ్లాల్సి వస్తే మూసాపేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అయితే అక్కడి నుంచి ఇంకా దూరం, వాన పడితే ఆ రోడ్డు కదలదు. గంట ముందు బయల్దేరు.

మళ్లీ మీతో. రెండు ప్యాకేజీలు పోల్చమన్నారు. మాదాపూర్‌ది మానేయండి, అంతే. అమీర్‌పేట కోర్సు చెడ్డదనను, అక్కడ నేర్చుకుని నిలబడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ 45 వేలు కట్టే ముందు అమ్మాయిని డెమో క్లాసులకు ఒంటరిగా వెళ్లనివ్వండి, చెప్పే మనిషి నచ్చితే తనే నిర్ణయించుకుంటుంది. ఇంటర్వ్యూ ట్రైనింగ్ కోసమే అయితే ఆ డబ్బు దండగ. యువతకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పడానికి రాష్ట్ర ప్రభుత్వం 2014లో పెట్టిన టాస్క్ సంస్థ కార్యక్రమాలు ఏమున్నాయో కూడా చూడమనండి. కేంద్రం నడిపే ఎన్‌ఏటీఎస్ పోర్టల్లో కొత్త గ్రాడ్యుయేట్లకు ఏడాది అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. అప్రెంటిస్‌గా చేసినది నిజమైన అనుభవం, ఏ వెరిఫికేషన్‌కూ భయపడక్కర్లేదు.

ఇప్పటికిప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. ఆ ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కి తెచ్చుకోండి. అడ్వాన్స్ గొడవ ముందు పెట్టుకోకండి, డబ్బు మాట ఎత్తితే కాగితాలు ఆపేస్తారు. పాస్‌పోర్టుకో, పీజీ అడ్మిషన్‌కో కావాలని చెప్పి మొత్తం లెక్కపెట్టి తీసుకోండి. ఇంటికొచ్చాక 20 వేలు వెనక్కి ఇవ్వమని మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి, కట్టిన రసీదో యూపీఐ స్క్రీన్‌షాటో జతచేయండి. సర్టిఫికెట్లే ఇవ్వనంటే ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఈ పని మాత్రం మీదే, అమ్మాయిని పంపకండి.