ఆ పాత యుద్ధం కామిక్ కొనేముందు

చిన్నా,

అమెరికా పాత యుద్ధ కామిక్ పత్రిక ‘బ్లేజింగ్ కంబాట్’ రెండో సంచిక అమ్మకానికి వచ్చింది, కొనెయ్యనా బాబాయ్ అని అడిగావు. కొను, కానీ ముందు చదువు. 2009లో ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు నాలుగు సంచికలూ కలిపి ఒకే పుస్తకంగా వేశారు, ముందు అది సంపాదించు. అందులో, ఆ రెండో సంచికలోదే, ‘ల్యాండ్‌స్కేప్’ కథ నిన్ను కదిలించకపోతే, కేవలం చిత్రకారుడు ఫ్రజెట్టా వేసిన అట్టబొమ్మ కోసమే అయితే, అంత డబ్బు పెట్టొద్దనే అంటాను.

ఆ కథ వియత్నాంలోని ఒక ముసలి వరి రైతుది. ఊళ్లోకి ఏ పక్షం వచ్చినా ఆయనకి కావలసింది తన చేను ఒక్కటే, చివరికి ప్రాణం కూడా ఆ యుద్ధానికే పోతుంది. ఆర్చీ గుడ్విన్ రాసి, జో ఒర్లాండో బొమ్మలు వేసిన ఈ కథ వచ్చింది 1966 జనవరి సంచికలో, అంటే అమెరికా ఇంకా ఇంకా సైన్యాన్ని అక్కడికి పంపుతున్న రోజుల్లో. సైనిక స్థావరాల్లోని దుకాణాలు ఆ పత్రికను అమ్మనన్నాయి, పంపిణీదారులు వెనక్కి తగ్గారు, నాలుగో సంచికతో మూతపడింది. అంత నిజం చెప్పినందుకే అది ఇవాళ అరుదైంది, ఇది తెలిసి కొను.

సరే, కొనే సంగతి. అట్ట ఫోటో ఒక్కటి చూసి డబ్బు కట్టకు. వీపు, పిన్నులు, నడిమి పేజీలు, వెనక అట్ట, అన్నిటి ఫోటోలూ అడుగు. పిన్నులు తుప్పుపడితే నడిమి కాగితం ఊడొస్తుంది. వెనక పేజీల్లో మెయిల్ ఆర్డర్ కూపన్లు కత్తిరించారేమో అడిగి మరీ తెలుసుకో. కాపీ ఎంత బాగుందో చూసి గ్రేడ్ ఇచ్చి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసిన కాపీ మాత్రం వద్దు, ఇలాంటి కథని తెరవడానికి వీల్లేకుండా బంధించడం నాకు నచ్చదు. పోస్టేజీ, కస్టమ్స్ కూడా ముందే లెక్కేసుకో.

పాత కాగితం చూడటం అలవాటు లేదు కదా, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద వెతుకు, పాత బ్రిటిష్ ‘కమాండో’ యుద్ధ కామిక్ పుస్తకాలు దొరికితే ఒకట్రెండు కొని చేతిలో పట్టి చూడు. వాటిలో ఎక్కువగా వీరత్వమే ఉంటుంది, వాటినీ ‘బ్లేజింగ్ కంబాట్’నీ పక్కపక్కన చదివితే తేడా నీకే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక సెల్లోటేపు, లామినేషన్ జోలికి పోకు. జిరాక్స్ షాపు కవర్లు కూడా వద్దు, అవి సిరాకి అంటుకుపోతాయి. ఆసిడ్ లేని అట్ట వెనక పెట్టి, మ్యాగజైన్ సైజు పాలీప్రొపైలీన్ కవర్లో ఉంచు, మామూలు కామిక్ కవర్ సరిపోదు. మీ ఇంట్లో వానాకాలం పడమటి గోడ చెమ్మ పడుతుంది, ఆ వైపు సజ్జ మీద పెట్టకు.

ఫోటోలు రాగానే వాట్సాప్ చెయ్యి, ముఖ్యంగా పిన్నుల దగ్గరివి.

బాబాయి